నల్లకుండలు - వాని సేకర్తలు

ఖరగ్‌పూరులో పూరీ గేట్ అను తావునకు ఆ పేరు రైలుమార్గము వలన వచ్చినది. పూరీకి పోవు మార్గమే ఆంధ్రతీరమునకును దారి. బెంగాల్ నాగపూరు రైల్వే కర్మాగారములు వెలసిన నాటి నుండి శ్రీకాకుళ విశాఖ సీమల తెలుగువారు ఈ దారిననే వచ్చి ఖరగ్‌పూరున స్థిరపడిరి. పట్టణమునకు ఉత్తరముగా బయలుదేరు మఱియొక మార్గము మిడ్నపూరు, విష్ణుపూరుల మీదుగా బంకురాకు పోవును. దక్షిణపు దారి పట్టి పోయినచో, తెలుగుదేశపు రాక్షసగుళ్ళలో రెండు మూడు వేల యేండ్ల నాటి నల్లకుండలు కానవచ్చును. ఉత్తరపు దారిన విష్ణుపూరు దిగి కొంతదూరము పోయినచో, పాంచ్‌మురా గ్రామమున కుమ్మరులు నేటికిని నల్లని మట్టిగుఱ్ఱములను కాల్చుచున్నారు. ఈ రెంటికిని నలుపు నిచ్చిన విద్య ఒక్కటియే. వానిని పోగుచేసిన వారి చరిత్ర మాత్రము ఒక్కటి కాదు.

మొదట ఆ విద్యను గూర్చి కొంత చెప్పవలసియున్నది. కుండమట్టిలో ఇనుము కలదు. ఆవమున గాలి ధారాళముగా ఆడినచో ఆ ఇనుము ఎఱ్ఱబడును. గాలి అందక పొగ క్రమ్మినచో నల్లబడును; పొగలోని మసి మట్టి రంధ్రములలో చేరి ఆ నలుపును చిక్కబఱచును. పాంచ్‌మురా కుమ్మరి ఒకే మట్టితో గుఱ్ఱములను చేసి, ఆవపు రంధ్రములను తెఱచియుంచి ఎఱుపును, మూసివైచి నలుపును సాధించుచున్నాడు. ఇది పైపూత కాదు. అగ్నికి ఊపిరి ఎప్పుడు ఈయవలెనో, ఎప్పుడు బిగింపవలెనో తెలిసిన చేతి ఒడుపు.

రాక్షసగుళ్ళ కుండలలో ఈ ఒడుపు మఱింత సూక్ష్మము. పూర్తిగా నల్లనివి కొన్ని కలవు. కాని ఎక్కువ ప్రసిద్ధి పొందినవి లోపలి భాగమును అంచును నల్లగాను, వెలుపలి క్రిందిభాగము ఎఱ్ఱగాను ఉండు పాత్రలు. 1947లో మైసూరు సీమలోని బ్రహ్మగిరిని త్రవ్వించిన మార్టిమర్ వీలర్, ఈ పాత్రలను ఆవమున బోర్లించి కాల్చియుందురని వివరించెను. బోర్లించిన కుండ లోపలికి గాలి చొరదు, కావున అది నల్లబడును. వెలుపలి ఒడలు మంటను గాలిని తాకి ఎఱ్ఱబడును. తరువాతి పండితులు వేఱు పద్ధతులను గూడ సూచించిరి. ఎవరి మాట నిజమైనను, ఆ రెండు రంగులు కలియు చోట గీత గీచినట్లుండదు. సంధ్యవేళ ఆకాశమువలె ఒకటి మఱియొకదానిలో కరగిపోవును. కుంచెతో దానిని తేలేరు. కాల్చుటకు ముందు పచ్చికుండను నున్నని రాతితో రుద్ది రుద్ది తెచ్చిన మెఱుగు, ఇన్ని శతాబ్దములు మట్టిలో పడియుండియు, తడిగుడ్డతో తుడిచినంతనే నేటికిని తళుకుమనును.

ఈ పాత్రల మీద మొదట కన్ను వేసిన సేకర్తలలో ముఖ్యుడు మెడోస్ టేలర్. నైజాము కొలువున సురపురమున అధికారిగా నున్న కాలమున, 1850 ప్రాంతమున, జేవర్గి మున్నగు చోట్ల రాళ్ళు పేర్చిన సమాధులను త్రవ్వించి, లోపలి యెముకలను, ఇనుప పరికరములను, కుండలను వర్ణించి వ్రాసెను. ఆతని పరిశీలన నిశితమైనది. ఆతడు గీయించిన పటములు నేటికిని ఉపయోగించుచున్నవి. కాని వానికి ఆతడిడిన పేరు చూడవలెను: కెల్టిక్, డ్రూయిడ్, లేక సిథియన్ కట్టడములట! ఐర్లండులో తాను ఎఱిగిన రాతిగుట్టలను దక్కనులో చూచి, ఇచ్చటి కుండను చేసినవానిని ఎచ్చటనో వెదకినాడు. ఈ దోషము ఆతని ఒక్కనిదే అనుట న్యాయము కాదు. మన పల్లెలలో వీనిని రాక్షసుల గుళ్ళనిరి, పాండవుల గుళ్ళనిరి. వంగదేశమునను అంతే. బర్ద్వాన్ జిల్లాలో అజయనది యొడ్డున, 1962 నుండి జరిగిన త్రవ్వకములలో ఇట్టి నలుపు ఎఱుపు పాత్రలు బయల్పడిన దిబ్బ పేరు పాండురాజార్ ఢిబి, అనగా పాండురాజు దిబ్బ. ప్రజలు పాండవుల కిచ్చిరి, దొరలు డ్రూయిడుల కిచ్చిరి. కుమ్మరి కిచ్చిన వారెవ్వరును లేరు.

రాబర్ట్ బ్రూస్ ఫుట్ మఱియొక తరహా మనిషి. 1858లో భూగర్భశాఖలో చేరి, దక్షిణాపథమంతయు కాలినడకను, గుఱ్ఱము మీదను తిరిగినవాడు. బళ్ళారి, కర్నూలు, అనంతపురము సీమలలో రాతి పనిముట్లతో పాటు కుండ పెంకులను గూడ ఏరినాడు. పగిలిన పెంకును లెక్కచేయని కాలమది. పూర్తికుండయే వస్తువు, పెంకు చెత్త. ఫుట్ పెంకునకును సంఖ్య వైచి, దొరికిన తావు పేరు వ్రాసెను. ఆతని సేకరణమును 1904లో మద్రాసు ప్రభుత్వము కొని మ్యూజియమున చేర్చినది. దాని వివరణపట్టిక ఆతడు గతించిన పిమ్మట 1914లోను, 1916లోను రెండు సంపుటములుగా వెలువడినది. తావు తెలియని కుండ మూగది. ఆ మూగతనమును కొంతవఱకు తప్పించినవాడు ఫుట్. అయినను ఆ సంపుటముల మీద నిలిచిన పేరు ఏరినవానిదే. ఆ పెంకులకు ఎల్లకాలమును ఫుట్ సేకరణమనియే పేరు.

తెలంగాణమున ఈ పని సంఘబద్ధమైనది. 1914లో నైజాము రాజ్యమున పురావస్తుశాఖ ఏర్పడి గులాం యజ్దానీ దానికి అధిపతి అయ్యెను; హైదరాబాదు పురావస్తు సంఘమును ఆ కాలముననే పుట్టినది. ఇక్కడ రైలు మరల కథలోనికి వచ్చును. నిజాం రైల్వేలో వైద్యాధికారియగు హంట్, ఉద్యోగపు తీరిక వేళల రాయగిరి, మౌలాలి మున్నగు తావుల సమాధులను త్రవ్వి పరిశీలించి, 1924లో హైదరాబాదు రాతిగుట్ట సమాధులను గూర్చి విపులమైన వ్యాసము ప్రకటించెను. వైద్యుడగుటచే కాబోలు, ఆతని చూపు కుండ అందము మీద గాక సమాధి అమరిక మీద నిలిచినది. ఏ వస్తువు ఏ వస్తువు ప్రక్కన, ఏ దిక్కున, ఎంత లోతున ఉన్నదో చూచుట సేకర్తకు విసుగు కలిగించు పని. చరిత్రకారునికి మిగులునది అదియే.

ఆ కుండల మీద గీతలు కలవు. త్రిశూలము వంటివి, నిచ్చెన వంటివి, కోణములు, అడ్డగీతలు. యజ్దానీ 1917లో వీనిని ప్రత్యేకముగా పేర్కొని, లోకము దృష్టికి తెచ్చెను. 1960లో బి. బి. లాల్ ఈ గుర్తులను తామ్రశిలాయుగపు పాత్రల మీది గుర్తులతోను, సింధు నాగరికతా చిహ్నములతోను పోల్చి చూచెను. ఇది లిపియా, కులచిహ్నమా, కుమ్మరి గుర్తా, సొంతదారు గుర్తా అను వివాదము తీరలేదు. ఇందొక సంగతి గమనింపదగినది. ఈ గీతలలో పెక్కు కుండ కాలిన తరువాత గీచినవి. పచ్చికుండ మీద వ్రేలితోనో పుల్లతోనో గీయుట కుమ్మరికి సులభము. కాలిన కుండను గీకవలసిన అవసరము అది చేతులు మాఱిన పిమ్మటనే ఎక్కువ. కావున ఇవి చేసినవాని సంతకములని తొందరపడి చెప్పుటకు వీలులేదు. అవి కొన్నవానివో, చచ్చినవానివో, పాతిపెట్టిన బంధువులవో కావచ్చును.

సంతకము నల్లకుండకు ఏమి చేయునో చూడవలెనన్న అమెరికాకు పోవలెను. న్యూ మెక్సికోలో రియో గ్రాండె లోయయందు ప్యూబ్లో ఆదివాసులు ఇట్టి నల్లకుండలనే చేయుదురు. మండుచున్న కుప్ప మీద గుఱ్ఱపు పేడ పొడిని క్రుమ్మరించి గాలిని బిగింతురు. అదే పొగ, అదే నలుపు. 1907-09 ప్రాంతమున ఎడ్గర్ హ్యూయెట్ ఆ సీమలోని పురాతన నివాసములను త్రవ్వి, దొరికిన పెంకులవంటి కుండలను చేయుడని సాన్ ఇల్డిఫాన్సో గ్రామపు మరియా మార్టినెజ్‌ను కోరెను. అనగా పురావస్తు సేకర్తయే సజీవమైన చేతిని వెదకుకొని వచ్చెను. ఆమెయు, భర్త జూలియనును ప్రయోగములు సాగించి, 1919 నాటికి మెఱుగు నలుపు మీద మెఱుగులేని నలుపుతో చిత్రించు పద్ధతిని సాధించిరి. కొనువారు పేరు కోరుటచే 1920ల నుండి ఆమె కుండ అడుగున తన పేరు వ్రాయసాగెను. పేరున్న కుండకు వెల హెచ్చినది. తోడి కుమ్మరిస్త్రీలు అడుగగా వారి కుండల మీదను ఆమె తన పేరే వ్రాసి యిచ్చెనట. సేకర్తలకు అది దిగులు పుట్టించినది. ఆమెకు అది సంతకము కాదు, ఇరుగుపొరుగునకు పంచిపెట్టిన పలుకుబడి.

పేరు వ్రాసిన దేశముననే గోరీల సొత్తును గూర్చియు చట్టము వచ్చినది. 1990 నాటి శాసనము ప్రకారము ఆదివాసుల సమాధుల నుండి తీసిన వస్తువులను మ్యూజియములు వారి వంశీయులకు తిరిగి ఈయవలెను. మన దేశమున 1878 నాటి నిధిశాసనము పది రూపాయలకు మించిన నిధి దొరికినచో కలెక్టరునకు తెలుపుమన్నది. 1972 నాటి చట్టము నూఱేండ్లు దాటిన పురావస్తువులను దేశము దాటింపరాదన్నది. రెండును ప్రభుత్వపు హక్కును చెప్పినవే. పోనిండు, అసలు రాక్షసగుడిలో పడుకొన్నవానికి వారసుడెవడని ఎవడు తేల్చగలడు? నాగార్జునకొండలో 1954-60 నడుమ జలాశయము ముంచివేయక ముందు జరిగిన త్రవ్వకములలో ఇక్ష్వాకుల శిల్పములతో పాటు ఈ సమాధులును బయల్పడినవి. శిల్పములను చూడ వచ్చిన కన్నులు కుండల కడ నిలుచుట అరుదు.

బ్రదికియున్న తెలుగు కుమ్మరి కుండను ఎవరును సేకరింపకపోవుట మఱియొక విచిత్రము. శాలివాహనులమని చెప్పుకొను ఈ కులమునుండియే మొల్ల పుట్టెనని వాడుక; ఆమె తన కావ్యమున తన పేరును తండ్రి పేరును నిలిపినది. సారె త్రిప్పిన వారికి ఆ వీలు లేకపోయెను. పెండ్లికి అరివేణి కుండలు కుమ్మరియింటి నుండి మేళతాళములతో రావలెను. శ్మశానమున నీటికుండ పగులవలెను. నాటి జనులు చచ్చినవానితో నిండుకుండను భద్రముగా పాతిపెట్టిరి. మనము చచ్చినవాని కొఱకు పగులగొట్టుచున్నాము. ఆ ఆచారము కుండను దాచనిచ్చినది గనుక నాటి నల్లకుండ మ్యూజియమున ఉన్నది. ఈ ఆచారము దాచనీయదు గనుక నిన్నటి కుండ ఎచ్చటను లేదు.

పాంచ్‌మురా గుఱ్ఱము మాత్రము బ్రదికినది. చెట్టు క్రింది గ్రామదేవతలకు మ్రొక్కుబడిగా పెట్టుచుండిన బొమ్మ, అఖిల భారత హస్తకళలకు చిహ్నమై, పట్టణపు ఇండ్ల వసారాలలో జంటగా నిలిచినది. 2018లో దానికి భౌగోళిక గుర్తింపు లభించినది; ఆ గుర్తింపులో ఊరి పేరు కలదు. గుఱ్ఱపు కాళ్ళు, మెడ, ఒడలు బోలుగా వేఱువేఱుగా సారె మీద త్రిప్పి అతుకుదురు. చెవులును తోకయు విడిగా చేసి చివర అమర్తురు. పైభాగమును నునుపు చేయుదురు. లోపలి వైపున, వ్రేళ్ళు త్రిప్పిన చుట్లు చుట్లుగా, కాలిన మట్టిలో అట్లే నిలిచియుండును.