టైర్లకీ ఓ వై2కే

వై2కే పుణ్యమా అని అమెరికా వచ్చిపడ్డవాళ్ళలో నేనూ ఒకణ్ణి. రెండంకెల సంవత్సరాల్ని నాలుగంకెలు చెయ్యడమే అప్పట్లో నా ఉద్యోగం. అదే జబ్బు టైర్లకీ ఉండేదని పాత బోటు, దాని ట్రెయిలర్ కొన్నాకగానీ తెలీలేదు.

టైర్ల గాట్లు కొత్తవాటిలా ఉన్నాయి. పక్కన డీఓటీ నంబరు చివర మాత్రం మూడే అంకెలు: 328. అంటే 32వ వారం, ఏడాది 8తో ముగుస్తుంది. 1988 అయినా కావచ్చు, 1998 అయినా కావచ్చు! 1971లో ఈ నంబర్లు పెట్టినప్పుడు ఏడాదికి ఒక్క అంకే ఇచ్చారు. 2000 నుంచి నాలుగంకెలు. 3218 అంటే 2018లో 32వ వారం.

కారు టైరు తిరిగి అరుగుతుంది. బోటు ట్రెయిలర్ టైరు నిలబడే ముసలిదవుతుంది. ఎండా, ఓజోనూ రబ్బరుని పెళుసు చేస్తాయి, గాట్లు మాత్రం చెక్కుచెదరవు. అందుకే ఈసారి తేదీ చూసి, బరువుకి సరిపడే ఎస్టీ రకం కొన్నాను. ప్రయాణానికి ముందు, టైరు చల్లగా ఉండగానే గాలి చూస్తున్నాను. గాలి తగ్గితే వేడెక్కి పేలుతుంది మరి.

ఇంతకీ ఆ 328 టైర్ల మీదే, పిల్లల్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని, 60 మైళ్ళు లాక్కొచ్చాను. పేలకపోవడం నా తెలివి కాదు. ఓసారి మీ స్టెప్నీ మీద నంబరు చూసుకోండి.