పారాయణము : బావరి శిష్యుల ప్రశ్నలు, పోదన సీమ

చెఱకు పేరు చెప్పగానే నిజామాబాదు వారికి బోధను తలపునకు వచ్చును. 1937లో స్థాపితమై, 2015 డిసెంబరులో పని నిలిచిపోయిన చక్కెర కర్మాగారము ఆ పట్టణమునకు తెచ్చిన ప్రసిద్ధి దాని ప్రాచీన నామమును చాలవఱకు మఱపించినది. దీఘనికాయమునందలి మహాగోవింద సూత్రము అస్సక జనపదమునకు, అనగా అశ్మకమునకు, పోతన నగరమును రాజధానిగా పేర్కొనుచున్నది. ఆ పోతనమే నేటి బోధనని హేమచంద్ర రాయ్ చౌధురి మొదలగువారు నిర్ణయించిరి. (భాగవత కర్త పేరునకును దీనికిని సంబంధము లేదని విద్యార్థులకు ఏటేట చెప్పవలసి వచ్చుచున్నది.) ఈ అస్సక సీమతో ముడిపడిన ఒక ప్రాచీన గ్రంథమును, దానిని మననము చేసిన వారిని గూర్చి ఈ వ్యాసమున కొంత విచారింతుము.

ఆ గ్రంథము సుత్తనిపాతమున కడపటిదైన పారాయణ వర్గము. దాని ఉపోద్ఘాతమగు వత్థుగాథల కథ యిది. కోసల దేశము నుండి దక్షిణాపథమునకు వచ్చిన బావరి యను బ్రాహ్మణుడు అస్సక విషయమున, అళక సమీపమున, గోదావరీ తీరమున ఆశ్రమము కట్టుకొని యుండెను. యజ్ఞమున సర్వస్వమును దానము చేసి కూర్చున్న వానిని మఱియొక బ్రాహ్మణుడు వచ్చి ఐదువందలడిగెను. లేదనగా, ఏడవనాటికి నీ తల ఏడు వ్రక్కలగునని శపించెను. భయపడిన బావరి, తల యనగా నేమో, తల పగులుట యనగా నేమో తెలిసినవాని వెదకుటకై పదునాఱుగురు శిష్యులను ఉత్తరమునకు పంపెను. వారు ప్రతిష్ఠానము, మాహిష్మతి, ఉజ్జయిని, విదిశ, కౌశాంబి, సాకేతము, శ్రావస్తి, వైశాలి మీదుగా మగధ చేరిరి. అవిద్యయే తల యనియు, దానిని పగులగొట్టునది విద్య యనియు బుద్ధుడు చెప్పెను. శాపమును తప్పించు మంత్రమును అడుగబోయిన వారికి లభించినది ఒక శబ్దార్థ విచారము!

బావరి ఆశ్రమము గోదావరి మధ్యనున్న బాదనకుర్తి ద్వీపమే యని కొందరు చరిత్రకారులు వ్రాసిరి. అభిమానము చేత మేమును ఒకప్పుడు అట్లే బోధించితిమి. ఇప్పుడు అంత నిశ్చయముగ చెప్పజాలము. ద్వీపమును గూర్చిన మాట మూల గాథలలో లేదు. సుమారు వేయి సంవత్సరముల తరువాతిదైన అట్ఠకథలో నున్నది. వత్థుగాథలు సైతము ప్రశ్నల కంటె అర్వాచీనములు. పిటకములలోనే చేరిన ప్రాచీన వ్యాఖ్య చుల్లనిద్దేశము పదునాఱు ప్రశ్నలకు పదపదమునకు అర్థము చెప్పుచు, ఈ ఉపోద్ఘాతమును మాత్రము వ్యాఖ్యానింపక విడిచినది. అదియుగాక, ఆశ్రమము అళక సమీపమున నుండుటయు, శిష్యుల తొలి మజిలీ ప్రతిష్ఠానమగుటయు మన మనస్సును పడమటికే లాగుచున్నవి. ఇంతకును ఆ శిష్యులలో కప్పుడు, ప్రవాహమధ్యమున చిక్కినవానికి ద్వీపమేది యని అడిగెను. ఏదియు తనదని పట్టుకొనకుండుటయే ద్వీపమని అతనికి లభించిన సమాధానము. దాని నెలవు ఏ పటమునను దొరకదు.

స్థలము సందిగ్ధమైనను ప్రశ్నలు నిలిచియున్నవి. ధోతకుడు తన సంశయములనుండి విడిపింపుమని వేడగా, సంశయించువానిని విడిపించుటకు తాను పోననియు, ధర్మమును తెలిసికొని నీవే దాటవలయుననియు బుద్ధుడు చెప్పెను. అజితునకును మోఘరాజునకును చెప్పిన సమాధానములలో మఱల మఱల వచ్చు పదము స్మృతి, ఎఱుక. పారాయణమన్న పేరే గమనింపదగినది. మన యిండ్లలో పారాయణ యనగా గ్రంథమును మొదటినుండి తుదివఱకు చదువుట. పాలి గ్రంథము ఈ పేరునకు ఆవలి యొడ్డునకు చేర్చు త్రోవ యని స్వయముగ అర్థము చెప్పికొన్నది. పుస్తకము తుద వేఱు, ఏటి ఒడ్డు వేఱు.

ఈ గాథలను ఆకాలమువారు ఎట్లు చదివిరో చూపు సాక్ష్యములు నికాయములలోనే కలవు. ఋషిపతనమున భిక్షువులు గుమిగూడి, తిస్స మెత్తేయ్యుని ప్రశ్నలో రెండు కొనలేవి, నడుమ ఏది యని చర్చించిరి. ఒకరు స్పర్శ, దాని పుట్టుక, దాని నిరోధము అనిరి. ఒకరు భూత భవిష్యద్వర్తమానములనిరి. ఆఱుగురు ఆఱు అర్థములు చెప్పిరి. బుద్ధుడు అందఱి మాటయు ఒక విధముగ బాగుగనే యున్నదని, తన ఉద్దేశము మాత్రము మొదటిదే యని తెలిపెను. మన పరిశోధన గోష్ఠులలో ఇట్టి తీర్పు అరుదు.

అంతకంటె విలువైన సాక్ష్యము ఒక గృహిణిది. అంగుత్తరనికాయము సప్తకనిపాతమున వేళుకంటకి నందమాత కథ కలదు. ఆమె వేకువకు ముందే లేచి పారాయణమును స్వరముతో చదువుచుండగా, ఉత్తరమునుండి దక్షిణమునకు పోవుచున్న వైశ్రవణుడు విని, ముగియువఱకు నిలిచి మెచ్చుకొనెను. నాడు ప్రొద్దుననే శారిపుత్ర మౌద్గల్యాయనులతో వచ్చిన సంఘమునకు ఆమె భోజనము పెట్టెను. ఆ సందర్భమున శారిపుత్రునితో తన బ్రదుకు చెప్పినది. ఒక్కడే కొడుకు, నందుడు. ఏదో కారణమున రాజులు వానిని బలాత్కారముగ పట్టి చంపించిరి. పట్టునప్పుడును, కట్టునప్పుడును, చంపునప్పుడును తన మనస్సు చలింపలేదని ఆమె చెప్పుకొన్నది. ఈ నిబ్బరము పారాయణ ఫలమని సూత్రము ఎక్కడను చెప్పలేదు, మేమును చెప్పబోము. కాని వేకువ చదువును, కొడుకు చావును ఒకే యింట, ఒకే సంభాషణలో నిలిపిన సంకలనకర్త పాఠకుని ఆలోచనకు ఎడమిచ్చియే యుండును. ఆమె యూరు అవంతి దిక్కునకు చెందినదని పలువురి అభిప్రాయము. ఉజ్జయిని, విదిశలమీదుగ శిష్యులు పోయిన బాటకు అది దూరము కాదు గనుక, ప్రశ్నలు పోయిన త్రోవనే పాఠము దక్షిణమునకు మరలినదని ఊహింపవచ్చును.

మరలినవాడు మాత్రము పింగియుడు. అతడు ముసలివాడు, కన్ను సరిగా కనబడదు, చెవి వినబడదు, నడుమ మోహములోనే నశింపకుండ దారి చెప్పుమని ప్రార్థించెను. తక్కిన పదునేవురు అర్హతులైరనియు, మేనమామ యగు బావరి యీ మాటలు వినలేకపోయెనే యన్న చింతచే పింగియుని ధ్యాస చెదరెననియు అట్ఠకథ చెప్పును. ఆ కథ ఎట్లున్నను, నిద్దేశము వ్యాఖ్యానించిన గాథలలోనే అతడు ఒక బ్రాహ్మణునితో మాటాడుచున్నాడు. ఆ బ్రాహ్మణుడు బావరి యని సంప్రదాయము. అట్టి గురువును విడిచి క్షణమైనను ఎట్లుంటివని అడిగినవానికి, విడిచియుండలేదనెను. దేహము దుర్బలమై అచటికి పోజాలదు. కాని రేయింబవళ్ళు కన్నులతో చూచినట్లే మనస్సుతో చూచుచున్నానని తెలిపెను. ఆ మాటలకు ముందే, పారాయణమును తిరిగి గానము చేసెదనని చెప్పి, తాను వినినదానిని ఆ వృద్ధునికి వినిపింప మొదలిడెను.