పెరట్లో పుట్టిన ప్రయాణపు బండి

కారు వెనక తగిలించుకుని ఊళ్లు తిరగడానికి వాడే క్యాంపర్ ట్రైలర్ ఇవాళ పెద్ద పరిశ్రమ. దాని చరిత్ర తిరగేస్తే మాత్రం ఫ్యాక్టరీలకన్నా ముందు ఇళ్ల గ్యారేజీలే కనిపిస్తాయి. ప్రతి తరంలోనూ రంపం పట్టిన మామూలు మనిషి వేసుకున్న ప్రశ్న ఒకటే: బరువు ఎలా తగ్గించాలి?

తొలి విహార బండ్లకు ఆ బెంగ లేదు. 1885లో ఇంగ్లండులో నౌకాదళపు మాజీ వైద్యుడు, రచయిత విలియం గోర్డన్ స్టేబుల్స్ చేయించుకున్న ‘వాండరర్’ దాదాపు రెండు టన్నులు తూగేది. రెండు గుర్రాలు లాగేవి. కారు రాగానే లెక్క మారిపోయింది. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టి శక్తి 20 హార్స్‌పవర్. దాని వెనక టన్నుల బరువు కడితే చిన్న ఎత్తు ఎక్కడం కూడా గగనమే. అందుకే అమెరికాలో తొలినాటి కారు యాత్రికులు గుడారాలతో సరిపెట్టుకున్నారు. డబ్బాల్లో నిల్వ చేసిన తిండితో ఊరూరా తిరిగిన వీళ్లు 1919లో ఫ్లోరిడాలోని టాంపాలో ‘టిన్ కెన్ టూరిస్ట్స్’ పేరుతో సంఘం కూడా పెట్టుకున్నారు.

గుడారానికి వానే శత్రువు. డెట్రాయిట్‌లో బ్యాక్టీరియా శాస్త్రవేత్త ఆర్థర్ షెర్మన్ 1929లో కొన్న మడత గుడారపు ట్రైలర్ కుటుంబంతో వెళ్లిన యాత్రలో వానకు చేతులెత్తేసింది. ఇంటికొచ్చి ఆయన మేసొనైట్ అట్టలతో గట్టి గోడల పెట్టె లాంటి ట్రైలర్ చేయించాడు. చెక్క ముక్కలను ఆవిరితో ఉడికించి, ఒత్తిడితో పలకలుగా చేసిన ఆ సరుకు అప్పటికి కొత్తది, చవకది. 1930లో డెట్రాయిట్ ఆటో ప్రదర్శనలో దాన్ని చూసి జనం ఎగబడ్డారు. కొద్ది ఏళ్లలోనే ఆయన ‘కవర్డ్ వాగన్’ కంపెనీ అమెరికా ట్రైలర్ తయారీదారుల్లో ముందు వరసకు చేరింది.

అదే కాలంలో లాస్ ఏంజిలిస్‌లో వాలీ బయమ్ మోడల్ టి చట్రం మీద ఒక ట్రైలర్ కట్టాడు. ఎలా కట్టాలో చెప్పే నమూనా పటాలను ఒక డాలరుకు అమ్మాడు. పటాలు కొనేవాళ్లు పెరిగాక, తనే కట్టి అమ్మడం మొదలుపెట్టాడు. ఎయిర్‌స్ట్రీమ్ కంపెనీ పుట్టుక అదే.

బరువు తగ్గించే విద్య నిజంగా తెలిసినవాళ్లు విమానాలు కట్టేవాళ్లు. పైలట్ లిండ్‌బర్గ్ అట్లాంటిక్ దాటిన ‘స్పిరిట్ ఆఫ్ సెయింట్ లూయిస్’ విమానం తయారీలో పాలుపంచుకున్న హాలీ బౌలస్, 1934లో పలచని అల్యూమినియం రేకులను రివెట్లతో బిగించి ‘రోడ్ చీఫ్’ తెచ్చాడు. 1936 నాటి ఎయిర్‌స్ట్రీమ్ క్లిప్పర్‌కు మూలరూపం అదే. అందంగా ఉన్నా, రేకు వంచి రివెట్లు కొట్టడం ఇంట్లో సొంతంగా కట్టుకునేవాడికి అందే పని కాదు.

అతనికి అందినది ప్లైవుడ్. అంతకుముందు తడి తగిలితే పొరలు విడిపోయే ప్లైవుడ్‌ను ఆరుబయట వాడే వీలుండేది కాదు. 1934లో వాషింగ్టన్ రాష్ట్రంలో జేమ్స్ నెవిన్ అనే రసాయన శాస్త్రవేత్త నీటికి తట్టుకునే జిగురు తయారుచేయడంతో ఆ లోటు తీరింది. ‘పాపులర్ మెకానిక్స్’, ‘మెకానిక్స్ ఇలస్ట్రేటెడ్’ లాంటి పత్రికలు నమూనా పటాలు అచ్చువేశాయి. అలా కన్నీటి బొట్టు ఆకారంలో ఉండే టియర్‌డ్రాప్ ట్రైలర్ ఇంటింటి పనయింది.

దాని కొలతలు ప్లైవుడ్ పలక నిర్ణయించినవే. పలక 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు. ఒక్కో పలక మీద ముందు గుండ్రంగా, వెనక్కి వాలుతూ గీత గీసి కోస్తే ఒక్కో పక్క గోడ తయారవుతుంది. మధ్యలో అడ్డ కర్రలు బిగించి, వాటి మీద పలచటి ప్లైవుడ్ వంచితే పైకప్పు. లోపల ఇద్దరు పడుకునే పరుపు, అంతే, నిలబడే ఎత్తుండదు. వెనక తలుపు పైకెత్తితే వంటగట్టు. వండేవాళ్లు నేల మీదే నిలబడతారు కాబట్టి ఎత్తు గోడల బరువు తప్పింది. మొత్తం 450 కిలోలు దాటనక్కర్లేదు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక మిగులు అల్యూమినియం రేకులు, జీపు చక్రాలు చవగ్గా దొరికాయి. ఇంట్లో కట్టుకునేవాళ్లకు అదే పండగ. కానీ 1956లో అంతర్‌రాష్ట్ర రహదారుల చట్టం వచ్చింది, కార్ల ఇంజిన్లూ బలిశాయి. బరువు లాగడం సమస్య కానప్పుడు నిలబడే ఎత్తు, మరుగుదొడ్డి ఎవరు వద్దంటారు? 1960ల్లో టియర్‌డ్రాప్ తెరమరుగైంది. 1968లో కెనడాలోని విన్నిపెగ్‌లో రే ఒలెకో రెండు ఫైబర్‌గ్లాస్ డిప్పలు కలిపి చేసిన ‘బోలర్’ లాంటివి మాత్రం తేలిక బండి దారిని మూతపడనివ్వలేదు.

1990ల్లో ఇంటర్నెట్ పాత పటాలను మళ్లీ చేతుల్లోకి తెచ్చింది. ఆ తర్వాత భవనాల గోడలకు వేడి తగలకుండా అతికించే ఫోమ్ పలకల మీద ఔత్సాహికుల కన్ను పడింది. అదే మందం ప్లైవుడ్‌తో పోలిస్తే ఫోమ్ బరువు పదో వంతు కూడా ఉండదు. ఫోమ్ మీద చెక్క జిగురు పూసి, నూలు క్యాన్వాస్ గుడ్డను ముడతల్లేకుండా అతికించి, ఆరాక బయటి గోడలకు వేసే పెయింటు నిండుగా పట్టిస్తారు. దీన్ని పేదవాడి ఫైబర్‌గ్లాస్ అంటారు. రంగు పొర పలచబడితే ఎండ ఫోమ్‌ను తినేస్తుంది కాబట్టి ఆ పనిలో పిసినారితనం కుదరదు.

తేలికైతే చాలదు, ఉన్న బరువు ఎక్కడుందన్నదీ ముఖ్యమే. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కారు కొక్కెం మీద పడాలి. టియర్‌డ్రాప్‌కు వంటగది వెనక ఉంటుంది. నీళ్లు, ఐసుపెట్టె అక్కడే నింపితే ముందు భాగం తేలిపోయి, వేగం పెరిగే కొద్దీ ట్రైలర్ ఇటూ అటూ ఊగుతుంది. తెలిసినవాళ్లు ఇరుసును కాస్త వెనక్కి జరిపి, బ్యాటరీని ముందు పెడతారు.

మేసొనైట్, ప్లైవుడ్, విమానాల అల్యూమినియం, గోడల ఫోమ్: వీటిలో ఏదీ ట్రైలర్ కోసం పుట్టింది కాదు. ఇంకో పనికి తయారైన చవక సరుకును గ్యారేజీలో ఎవరో పట్టుకొచ్చి కోశారు. ఇప్పుడు విద్యుత్ కార్ల వంతు. ట్రైలర్ తగిలిస్తే ఒక్క చార్జింగుతో వెళ్లే దూరం బాగా తగ్గిపోతుంది. రహదారి వేగంలో బరువుకన్నా గాలి నిరోధమే ఎక్కువ తినేస్తుంది. నిలబడే ఎత్తును వదులుకుని వీపు వాల్చిన 1930ల నాటి పొట్టి బండికి మళ్లీ గిరాకీ పుట్టడానికి ఇంతకన్నా గట్టి కారణం అక్కర్లేదు.