పేరు పిలిచే గొంతు

పోయిన ఏడాది జిల్లా స్థాయి వక్తృత్వ పోటీకి వెళ్లాను. నా పేరు 'భ'తో మొదలవుతుంది. తమిళ లిపిలో ప, బ, భ అన్నిటికీ ఒకటే అక్షరం. మైకు దగ్గర ఉన్నవారు కాగితం చూసి 'ప' అని చదివేశారు. ఇంకెవరినో పిలుస్తున్నారనుకుని నేను కూర్చునే ఉన్నాను. మా టీచర్ వచ్చి భుజం తట్టేసరికి నా వంతు దాటిపోయింది. చివర్లో మళ్లీ అవకాశం ఇచ్చారు గానీ, అప్పటికే కంగారులో సగం ప్రసంగం మరిచిపోయాను.

ఆ తర్వాత మా బడి వార్షికోత్సవంలో పేర్లు పిలిచే పని నాకే అప్పజెప్పారు. ఆ పని ఎలా చేయాలో తెలుసుకుందామని చదవడం మొదలుపెడితే, అమెరికా టీవీ ఆటల చరిత్ర దాకా వెళ్లాను.

మన ఇళ్లల్లో 'మీలో ఎవరు కోటీశ్వరుడు' చూసినప్పుడు అందరి కళ్లూ నాగార్జున గారి మీదే ఉండేవి. అమెరికాలో మాత్రం ఇలాంటి ఆటలు చాలావరకు ఇద్దరి చేతుల మీదుగా నడుస్తాయి. తెర మీద కనబడి ఆట నడిపేది వ్యాఖ్యాత. పక్కన మైకు దగ్గర నిలబడి పేర్లు పిలిచేది, బహుమతులను వర్ణించేది అనౌన్సర్. ఈ పద్ధతి రేడియో కాలం నుంచి వచ్చింది. రేడియోలో బొమ్మ లేదు కదా, ఎవరు వచ్చారో, ఏం ఇస్తున్నారో అంతా గొంతే చెప్పాలి.

అలా రేడియోలో పేరు తెచ్చుకుని టీవీకి వచ్చినవారిలో జానీ ఓల్సన్ ఒకరు. ఆయన 1910లో మిన్నెసోటా రాష్ట్రంలోని విండమ్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. 'వాట్స్ మై లైన్', 'టు టెల్ ద ట్రూత్', 'మ్యాచ్ గేమ్' లాంటి ఎన్నో ఆటలకు గొంతు ఇచ్చారు. 1972 సెప్టెంబరు 4న సీబీఎస్‌లో 'ది ప్రైస్ ఈజ్ రైట్' కొత్త రూపంలో మొదలైంది. అందులో వస్తువుల ధరలు ఊహించి చెప్పాలి. నడిపేది బాబ్ బార్కర్, పిలిచేది ఓల్సన్.

ఓల్సన్ పని కెమెరా తిరగక ముందే మొదలయ్యేది. స్టూడియోలోకి వచ్చిన జనం బిడియంగా, బిగుసుకుని కూర్చుంటారు. ఆయన వాళ్ల మధ్యకు వెళ్లి జోకులు వేసి, చిందులు తొక్కి, ఎక్కడ చప్పట్లు కొట్టాలో చెప్పేవారు. దీన్ని 'వార్మప్' అంటారు. ఇంట్లో కూర్చుని చూసేవాళ్లకు ఆ చిందులు కనబడవు, జనం ఉత్సాహం మాత్రమే వినబడుతుంది. మన పెళ్లిళ్లలో వంటవాళ్లు తెల్లవారుజామునే లేచి పొయ్యి వెలిగించినట్టన్నమాట. తినేవాళ్లకు వంట తెలుస్తుంది, పొగ తెలియదు.

ఇక పేర్లు పిలవడం. ఆ ఆటలో పోటీదారులు ప్రేక్షకుల్లోంచే వస్తారు. బయట వరుసలో ఉన్నప్పుడే నిర్మాతలు అందరితో కాసేపు మాట్లాడి కొందరిని ఎంచుకుంటారు. ఎవరిని ఎంచుకున్నారో అనౌన్సర్ పిలిచేదాకా వాళ్లకు తెలియదు. ఓల్సన్ పేరు చదివి "కమాన్ డౌన్!" అని కేక వేసేవారు, అంటే కిందికి దిగి రమ్మని. ఆ గోలలో పేరు వినబడదని, రాసిన అట్టను కూడా ఎత్తి చూపిస్తారు. అది చదివాక నా పోటీ గుర్తొచ్చింది. అక్కడ ఒక అట్ట ఉంటే ఎంత బాగుండేది!

బహుమతుల వర్ణన కూడా తేలిక కాదు. తెర తొలగి కారో, ఫ్రిజ్జో కనబడే క్షణానికి సరిగ్గా మాట అందుకోవాలి. వస్తువు గురించి అంతా చెప్పాలి, ధర మాత్రం బయటపడకూడదు.

ఈ ఆటల చరిత్రలో ఒక మచ్చ కూడా ఉంది. 1956లో 'ట్వెంటీ వన్' అనే క్విజ్‌లో హెర్బ్ స్టెంపెల్ అనే పోటీదారుణ్ణి కావాలనే ఓడిపొమ్మన్నారు. ఆయన్ని ఓడించి దేశమంతా పేరు పొందిన చార్లెస్ వాన్ డోరెన్, తనకు ముందుగానే జవాబులు చెప్పారని 1959 నవంబరు 2న అమెరికా కాంగ్రెస్ ఉపసంఘం ముందు ఒప్పుకున్నారు. జనం నమ్మకం కూలిపోయింది. ప్రజలను మోసం చేయడానికి పోటీదారులకు రహస్యంగా సాయం చేయడం నేరమని 1960లో చట్టం తెచ్చారు. తెర వెనుక పనిచేసేవాళ్లకు నోరు ఎంత అవసరమో, నోరు కట్టుకోవడం కూడా అంతే అవసరమని అప్పుడు తెలిసింది.

గొంతు మీద నమ్మకం ఎంత విలువైనదో డాన్ పార్డో జీవితం చెబుతుంది. 1956 నుంచి 1963 దాకా పాత 'ప్రైస్ ఈజ్ రైట్'లో బహుమతులు వర్ణించింది ఆయనే. 1963 నవంబరు 22న అధ్యక్షుడు కెనడీ మీద కాల్పులు జరిగాయన్న మొదటి వార్తను న్యూయార్క్ ఎన్‌బీసీ స్టేషన్‌లో చదివింది కూడా ఆయన గొంతే.

ఓల్సన్ 1985 అక్టోబరులో చనిపోయారు. చివరిదాకా ఆ మైకు వదల్లేదు. ఆయన చోటికి వచ్చిన రాడ్ రాడీ క్యాన్సర్‌కు చికిత్స తీసుకుంటూనే పనిచేశారు. 1984లో 'జెపర్డీ' ఆటకు గొంతు ఇవ్వడం మొదలుపెట్టిన జానీ గిల్బర్ట్, 2024లో వందో పుట్టినరోజు జరుపుకున్నారు. తెర మీద వీళ్లు కనబడేది తక్కువ. అయినా ప్రతి పోటీదారుడూ టీవీలో తన పేరు మొదట విన్నది వీళ్ల నోటే.

మా వార్షికోత్సవానికి వారం ముందు నేను ప్రతి తరగతికీ వెళ్లాను. బహుమతి ఉన్న ప్రతి ఒక్కరినీ "నీ పేరు నువ్వే చెప్పు" అని అడిగి, వాళ్లు పలికినట్టే తెలుగులో రాసుకున్నాను. తెలుగువాళ్లే కాదు, ఇంట్లో తమిళం, కన్నడం, ఉర్దూ మాట్లాడేవాళ్లు కూడా మా బడిలో ఉన్నారు. ఆ రోజు పిలిచిన వెంటనే అందరూ లేచి వచ్చారు. ఒక్కరి భుజమూ ఎవరూ తట్టాల్సిన అవసరం రాలేదు.