చలివేళ వేటయు పాదరక్షణమును

తెలుగు ప్రబంధకవులకు వేటను వర్ణింపవలెననిన నెక్కడలేని యుత్సాహము పుట్టుకొనివచ్చును. విండ్లు, వలలు, డేగలు, జాగిలములు, పొదలనుండి వెడలివచ్చు పందులు, బెదరిపాఱు లేళ్లు, వీని నన్నింటిని పద్యములకెక్కించిన యా మహానుభావులు, వేకువజామున మంచు కురిసిన గడ్డిలో నడచిపోవు వేటగాని పాదములమీద మాత్రము అంతటి శ్రద్ధ చూపలేదు. అల్లసాని పెద్దన మనుచరిత్రమున స్వరోచి వేటను సవిస్తరముగ వర్ణించెను. కాని చలివలన పాదములకు గలుగు నాపదను చెప్పవలసివచ్చినప్పుడు వేటగాని జోలికి పోక, అరుణాస్పదపురమునుండి హిమవంతమునకు బోయిన ప్రవరుని కాలిపసరును మంచులో కరగించెను. ఆ శ్రోత్రియుని యిక్కట్టు జగత్ప్రసిద్ధమైనది. బోయవాని కాలిపగుళ్లు ఎవ్వరికిని కథావస్తువు కాలేదు.

నే నిచ్చట చెప్పబోవు కర్నూలు జిల్లా ఆదవాని, ఎమ్మిగనూరు ప్రాంతముల చలిని హిమవంతపు చలితో బోల్చుట హాస్యాస్పదమే. మంత్రాలయమునకు సమీపమున, తుంగభద్రను దాటి రాయచూరునకు బోవు త్రోవలోనున్న మాధవరము వంటి గ్రామములలో పుష్యమాసపు రాత్రులందు వేడిమి సగటున 17, 18 డిగ్రీల చెంతనుండును. నీరు గడ్డకట్టుటయను మాట యిచ్చట లేదు. అయినను ఈ చలి పాదమును బాధించు తీరు వేఱు. ఇది నల్లరేగడి నేల. హింగారి (చలికాలపు) జొన్న యెదిగి నిలిచిన దినములలో, తెల్లవారుజామున చేనిగట్టువెంట నాలుగడుగులు వేసినంత మోకాళ్లవఱకు మంచునీరు కారును; కాలిక్రింది మన్ను తడిసి యరికాలికంటుకొనును. తడిసిన యొడలినుండి వేడిమి హరించుకొనిపోవు వేగము పొడి యొడలికంటె మిక్కిలి యధికము. 1914-18 నాటి మహాయుద్ధమున ఫ్రాన్సు, బెల్జియము దేశముల కందకములలో నిలిచిన సైనికుల పాదములు గడ్డకట్టని నీటిలోనే కుళ్లిపోగా, ఆంగ్లసేనాధికారులు తిమింగలపు నూనె రాయించియు, మాటిమాటికి మేజోళ్లు మార్పించియు ఆ రోగమును నిగ్రహింప యత్నించిరి. కావున చలిప్రాంతపు వేటగానికి మంచుగడ్డ శత్రువైనచో, మన వేటగానికి తడి శత్రువు.

ఈ సీమ వేటకు బోయవారు పెట్టినది పేరు. 1904లో వెలువడిన బళ్లారి జిల్లా గెజెటీరును కూర్చిన ఫ్రాన్సిస్ దొరయు, 1909లో దక్షిణభారత కులవృత్తాంతములను ఏడు సంపుటములుగ ప్రకటించిన ఎడ్గార్ థర్‌స్టనును, వీరిలో ఊరుబోయలు, మ్యాసబోయలు అను రెండు తెగలను పేర్కొనిరి. మొదటివారు ఊరినాశ్రయించినవారు, రెండవవారు బీళ్లను అడవులను నమ్ముకొన్నవారు. ఆనాటికి ఆదవాని బళ్లారి జిల్లాలోని తాలూకాయే. 1800లో నిజాము దత్తము చేసిన మండలములతో కుంపిణీవారి వశమై, 1953లో ఆంధ్రరాష్ట్రావతరణ సమయమున కర్నూలు జిల్లాలో చేరినది. పాలెగాండ్రకు కాల్బలమైన యీ జనులకు యుద్ధము లేని ఋతువున వేటయే వ్యాసంగము. కుందేళ్లు, కౌజులు, పూరేళ్లు, అడవిపందులు, బీళ్లలో మందలుమందలుగా మేయు ఇఱ్ఱులు (కృష్ణజింకలు) వారి గుఱి.

వలవేటలో నొక విశేషము కలదు. పొదలు కొట్టుచు, కేకలు వైచుచు మృగమును తరుముకొనివచ్చువానికి చలి తెలియదు. నడకయే వానికి కుంపటి. వలకడ ఊపిరి బిగబట్టి కాపున్నవాడే చలికి చిక్కువాడు. అంతవఱకు నడచివచ్చిన చెమట యాఱుచు, పాదములు తడినేలపై నానుచు, దగ్గరాదు, కాలు కదల్పరాదు. పాదరక్షణవిషయమున నెంత యుపాయము పన్నినను అది యా నిలుకడ ఘడియలకొఱకే.

ఇక చెప్పుల సంగతి. 1520 ప్రాంతమున విజయనగరమును దర్శించిన పోర్చుగీసు వర్తకుడు డొమింగో పేసు, ఈ దేశీయులలో అధికసంఖ్యాకులు వట్టికాళ్లతోనే తిరుగుదురనియు, ముక్కు కూచియైన జోళ్లును, అట్టయు పైని పట్టెలును మాత్రముగల చెప్పులును గలవనియు, ఆ చెప్పులు ప్రాచీన రోమకులవానిని బోలియున్నవనియు వ్రాసియున్నాడు. ఈ యట్టచెప్పే మన పల్లెటూళ్లలో శతాబ్దములు నిలిచినది. మాదిగలు తోలును సున్నపుతొట్టిలో నానవైచి, వెండ్రుకలు గీకి, సంచివలె కుట్టి, అందు తంగేడుచెక్కయు నీరును నింపి వ్రేలాడగట్టి పదును చేసెడివారు. ఉంగటము బిగించి, పట్టెలు కుట్టి రైతునకిచ్చిన చెప్పులకును, కపిలబానకును, వారులకును ప్రతిఫలము కళ్లమున కొలిచిన ధాన్యము. ఇంతటి గట్టి చెప్పు ముల్లును ఆపెను, మొనరాళ్లను ఆపెను, వేసవి నేలమంటను ఆపెను. మంచుతడిని మాత్రము ఆపలేదు. తడిసిన తోలు బరువెక్కును, రేగడిమన్నంటుకొని మఱింత బరువెక్కును, ఎండినపిదప బిఱుసై కాలిని కోయును. పైపెచ్చు కిఱ్ఱుచెప్పుల చప్పుడు పెండ్లికొడుకునకు భూషణమే గాని, చెవులు నిక్కించిన కుందేటిని పట్టబోవువానికి చేటు. అందుచేత ఆదవాని బారాకిల్లా వంటి గుట్టల రాళ్లనడుమ చెప్పు తొడుగుట, రేగడిలోనికి దిగగనే దానిని చేతబట్టుట లేక మొలకు దోపుట వివేకవంతుల పద్ధతి. నగరవాసులు దీనిని దారిద్ర్యమని తలతురు గాని, నా యభిప్రాయమున నిది నేల నెఱిగినవాని నేర్పు. తెఱచియున్న పాదము తడిసినను ఎండపొడ సోకిన క్షణమున ఆఱిపోవును. మూసిన జోటిలో తడిసిన పాదము పొద్దెక్కువఱకు నానుచునేయుండును.

అట్లని పాదమును దైవమునకు విడిచినవారు కారు. రాత్రి ఆముదము వెచ్చచేసి అరికాళ్లకు, మడమల పగుళ్లకు పట్టించుట యింటింటి వాడుక. తిమింగలపు నూనె చేసిన పనినే యిచ్చట ఆముదము చేసెను. కురుబల మగ్గముపై నేసిన నల్లకంబళి తక్కిన భారమును వహించినది. దక్కను గొఱ్ఱెల ముతక ఉన్నితో నేసి, చింతగింజల గంజి పట్టించి బిఱుసుచేసిన యా కంబళి మంచుబొట్టును త్వరగా లోనికి చొరనీయదు. తలనుండి కప్పుకొని గొంతుకూర్చున్నచో పాదములుకూడ దానిలోపలనే యొదుగును. లాపుదేశపు సామీజాతివారు రెయిండీరు చర్మపు జోళ్లలో ఎండుగడ్డి దూర్చుకొందురు. 1991లో ఆల్ప్సు మంచులో బయల్పడిన సుమారు 5,000 సంవత్సరములనాటి మనుష్యుని జోళ్లలోను గడ్డియే యుండెను. వారు జోటిని గూడుగా చేసికొనగా మనవారు కంబళిని గూడుగా చేసికొనిరి. వేట ముగిసినపిదప నెగడు.

ఈ చరిత్రలో అప్రియమైన ప్రకరణ మొకటి కలదు. చెప్పు కుట్టిన మాదిగ తాను కుట్టిన చెప్పును తొడిగి అగ్రవర్ణములవారి వీధిలో నడువరాదనుట ఆనాటి కట్టడి. చలియైనను ఎండయైనను దానిని విప్పి చేతబట్టవలసివచ్చెడిది. తిరుపతికడ అలిపిరి పాదాలమండపమున స్వామి పాదరక్షలను తలపైనిడుకొని ప్రదక్షిణము చేయు జనులే ఊళ్లో నీ కట్టడిని పాలించిరి. ధూర్జటి శ్రీకాళహస్తిమాహాత్మ్యమున కొనియాడిన బోయ తిన్నడు, ఉడుమూరి వేటగాడు, కంటిగుఱుతునకై చెప్పుకాలినే శివలింగముపై మోపినవాడని ఎఱిగియు ఎవ్వరికిని ఈ వైపరీత్యము తోచకపోవుట విస్మయావహము.

ఆంగ్లేయుల రాకతో బూట్లు, పిక్కలకు చుట్టు పట్టీలు దొరల వేటలో కనబడినవి. 1878 నాటి ఆయుధశాసనము తుపాకికి లైసెన్సు కోరి, సామాన్యుని వలకును ఉచ్చునకును పరిమితము చేసినది. 1903 మొదలు మద్రాసులో ఆల్‌ఫ్రెడ్ ఛాటర్టన్ క్రోముతో తోలు పదునుచేయు ప్రయోగములు నడపి, నీటికి ఓర్చు తోలుతో కపిలబానలను చెప్పులను చేయించెను. పల్లెవేటగానికి దానికంటె మోటారుబండ్ల పాతటైర్లతో కోసిన చెప్పులే హెచ్చుగా నుపకరించినవి. అవి నానవు, బిఱుసెక్కవు, చప్పుడును తక్కువ. అవి వచ్చునప్పటికి వేటకు కాలము దగ్గరపడినది.

1972లో వన్యప్రాణిసంరక్షణశాసనము వచ్చి కృష్ణజింకను వేటాడుట దండనార్హమైన నేరమైనది. కనుమనాడు ఆరంభించి, చెంచుల యల్లుడైన నరసింహస్వామి పల్లకినెక్కి నలువది దినములకు పైగా ఊరూర తిరుగు అహోబిలపు పారువేట వంటి యుత్సవములలో మాత్రము వేట నిలిచియున్నది. ఆ పల్లకి మోయు బోయీలు చలిలోను వట్టికాళ్లతోనే నడతురు. ఇటు ఆదవాని, ఆలూరు, మంత్రాలయ ప్రాంతములందు ఇఱ్ఱుల మందలు పెరిగి పైరులను మేయుచున్నవి. వానిని తరుమవచ్చును, కొట్టరాదు. అందుచేత రైతులు రాత్రులు చేలకడ కావలియుండి, తాతలవలెనే కంబళి కప్పుకొని నెగడు వేసికొనుచున్నారు. కాళ్లకు మాత్రము కొందఱు ప్లాస్టిక్కు బూట్లు తొడుగుచున్నారు. బయటి మంచును చొరనీయని యా బూటు లోని చెమటను వెలికి పోనీయదు గనుక, తెల్లవారునప్పటికి పాదము నానియే యుండును.