నామబాహుళ్యము

శిశువునకుఁ బేరిడునపు డా పేరు లోకమునఁ బలువురకుఁ గలదా యని విచారింపవలయునా? ఆశ్వలాయనగృహ్యసూత్రము నామమున కక్షరసంఖ్యను, వర్ణనియమమును విధించినదే కాని యీ విచారము నెత్తలేదు. చీపురుపల్లి ప్రాంతమున సింహాద్రినాథుని పేర నప్పన్న, అప్పలస్వామి, సింహాచలము మున్నగు పేళ్లు పెక్కిండ్ల వినఁబడును. సింహాచలమను పేరు స్త్రీలకును బురుషులకును గలదు. ఇచటఁ బేరు భక్తికి గుఱుతు. మనుష్యుని వేఱుపఱచునది యింటిపేరు.

అయినను జరిత్రకారునకు దీనివలనఁ జిక్కు కలుగకపోదు. విజయనగరసంస్థానమున విజయరామరాజను పేరు మాటిమాటికి వచ్చును. 1757వ సంవత్సరమున బొబ్బిలికోట పడిన పిమ్మటఁ దాండ్ర పాపారాయనిచే హతుఁడైనవాఁ డొకఁడు. 1794వ సంవత్సరమునఁ బద్మనాభయుద్ధమున మడిసినవాఁడు వేఱొకఁడు. 'పెద', 'చిన' యను విశేషణములను, సంవత్సరమును విడిచినచో నొకని చరిత్ర మింకొకని పాలగును.

కాని బాహుళ్యము కీర్తికిఁ బ్రతిబంధకము గాదు. బాల్యమునఁ జీపురుపల్లిలోఁ జదివిన గురజాడ వేంకట అప్పారావు (1862–1915) పేరు సీమయందు సామాన్యమే. అయినను 'గురజాడ' యన్నంతనే యతఁడు స్ఫురించును. ఆ గుర్తింపు నిచ్చినది యతని కృతులు. కావునఁ బేరిడు తలిదండ్రులు బాహుళ్యమునకు వెఱవ నక్కఱలేదు. పేరును వ్రాసియుంచువారు మాత్ర మింటిపేరును, ఊరును, సంవత్సరమును విడువరాదు.