హెల్సింకి నుంచి టోక్యో: అదే దూరం, వేరే టైమ్

ఫోన్‌లో హెల్సింకి నుంచి టోక్యోకి ఎంత దూరం అని కొట్టి చూడండి. సుమారు 7,800 కిలోమీటర్లు అని వస్తుంది. ఈ దారిలో వెళ్తే తొమ్మిదిన్నర గంటల ప్రయాణం. కానీ 2022 నుంచి ఫిన్లాండ్ విమానం ఎక్కినవాళ్లు దాదాపు 13 గంటలు కూర్చుంటున్నారు. ఎందుకో చూద్దాం.

మ్యాప్ చూస్తే సగం అర్థమైపోతుంది. ఫిన్లాండ్‌కి తూర్పున ఆనుకుని రష్యా. జపాన్ నుంచి పడమరకి సముద్రం దాటితే మళ్లీ రష్యానే. ప్రతి దేశానికీ తన నేల మీది ఆకాశంపై పూర్తి హక్కు ఉంటుందని 1944లో షికాగోలో ఒప్పందం జరిగింది. అంటే రష్యా వద్దంటే ఈ దగ్గరి దారి మూసుకుపోయినట్టే.

కోల్డ్ వార్ రోజుల్లో జరిగింది అదే. సోవియట్ యూనియన్ తన ఆకాశాన్ని మూసేసింది. యూరప్ విమానాలు కరాచీ, కలకత్తా, బ్యాంకాక్ లాంటి చోట్ల ఆగుతూ జపాన్ చేరేవి. 1957 ఫిబ్రవరి 24న స్కాండినేవియన్ ఎయిర్‌లైన్స్ కోపెన్‌హాగన్ నుంచి ఉత్తర ధ్రువం వైపుగా, అలాస్కాలోని యాంకరేజ్‌లో ఆగి, టోక్యోకి సర్వీస్ మొదలుపెట్టింది. అక్కడ మామూలు దిక్సూచి సరిగ్గా పనిచేయదు కాబట్టి దారి తెలుసుకోవడానికి ప్రత్యేక పద్ధతులు వాడారు. తర్వాత ఎన్నో కంపెనీలు ఇదే బాట పట్టాయి. యాంకరేజ్ ఎయిర్‌పోర్ట్‌లో జపాన్ వాళ్ల కోసం ఉడాన్ నూడుల్స్ కొట్టు కూడా వెలిసింది!

1983లో ఫిన్‌ఎయిర్ ఇంకో అడుగు వేసింది. డీసీ-10 విమానంతో, ధ్రువం మీదుగా, ఎక్కడా ఆగకుండా హెల్సింకి నుంచి టోక్యో. టైమ్ సుమారు 13 గంటలు.

అదే ఏడాది సెప్టెంబర్ 1న ఘోరం జరిగింది. యాంకరేజ్ నుంచి సియోల్ వెళ్తున్న కొరియన్ విమానం దారి తప్పి సోవియట్ ఆకాశంలోకి వెళ్లింది. సోవియట్ ఫైటర్ జెట్ దాన్ని కూల్చేసింది. అందులో ఉన్న 269 మందీ చనిపోయారు. ఆ తర్వాత కొన్ని రోజులకే, జీపీఎస్ సిద్ధమయ్యాక మామూలు జనానికీ ఉచితంగా ఇస్తామని అమెరికా ప్రకటించింది. మీ ఫోన్ మ్యాప్‌లో కనిపించే నీలం చుక్క వెనక ఈ విషాదం కూడా ఉంది.

సోవియట్ యూనియన్ పోయాక సైబీరియా దారి మరింతగా తెరుచుకుంది. రష్యాకి ఫీజు కట్టి దాని మీదుగా ఎగిరేవారు. ఆసియాకి దగ్గరి దారి మాదేనంటూ హెల్సింకి తన వ్యాపారాన్ని దీని మీదే పెంచుకుంది.

2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్‌పై దాడి చేసింది. యూరప్ తన ఆకాశాన్ని రష్యా విమానాలకి మూసింది, బదులుగా రష్యా కూడా మూసేసింది. మార్చిలో ఫిన్‌ఎయిర్ మళ్లీ ధ్రువం దారి పట్టింది. అలా వెళ్తే సుమారు 12,900 కిలోమీటర్లు. ప్రయాణికులకి ధ్రువం దాటినట్టు సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. చైనా విమానాలు మాత్రం రష్యా మీదుగానే యూరప్‌కి వెళ్తున్నాయి, వాళ్లకి నిషేధం లేదు.

ఇప్పుడు ఒక్కసారి లెక్క చూడండి. 1983లో 13 గంటలు. నలభై ఏళ్లలో కొత్త ఇంజన్లు, కొత్త విమానాలు వచ్చాయి. ఇప్పుడూ 13 గంటలే. కాబట్టి ఈసారి టికెట్ మీద ప్రయాణం టైమ్ చూసినప్పుడు, కింద ఏయే దేశాలున్నాయో కూడా ఓసారి మ్యాప్‌లో చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.